అమ్మ వేషం

దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన రోజున సారంగపాణి సారు నాలుగో తరగతి గదిలోకి చేతిలో కంజీరతో వచ్చాడు. బెత్తంతో వచ్చే సార్లనే చూసిన పిల్లలు లేచి నిలబడి ఆయన కూర్చోమంటాడేమోనని చూశారు. ఆయన అనలేదు.

"నిలబడే ఉండున్రి. ఈ పూట కూసునే పని లేదు," అని కంజీర మీద దరువు వేస్తూ తొమ్మిదో ఎక్కాన్ని పాటలా ఎత్తుకున్నాడు.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. కాజీపేటలో లోకో షెడ్డు వెనక, రైలు పట్టాలకు దగ్గరగా ఉండేది ఆ ప్రాథమిక పాఠశాల. గూడ్సు బండి పోతుంటే లోపల మాట వినిపించేది కాదు. మిగతా సార్లు విసుక్కునేవాళ్లు. సారంగపాణి సారు మాత్రం బండి వచ్చినప్పుడు నోటి దగ్గర వేలు పెట్టుకుని నిలబడి, ఆఖరి డబ్బా దాటగానే పాట ఎక్కడ ఆగిందో అక్కడినుంచే అందుకునేవాడు. పిల్లలంతా ఆ క్షణం కోసం ఊపిరి బిగబట్టి ఉండి, ఒక్కసారిగా అందుకునేవాళ్లు. కొద్ది రోజుల్లోనే వాళ్లకు బండి రావాలని ఆశ పుట్టింది.

యాకమ్మ కూడా పెదాలు కదిపేది, కానీ గొంతు బయటికి వచ్చేది కాదు. తొమ్మిదేళ్ల పిల్ల. వయసుకు మించి పొడుగు కాబట్టి వెనక వరసలో కూర్చునేది. వానాకాలం నుంచి రోజూ ఆలస్యంగానే వస్తోంది. వచ్చేసరికి చేతులు తడిగా ఉండేవి, బట్టలు బొగ్గు పొగ వాసన కొట్టేవి. మధ్యాహ్నం గంట కొట్టగానే మిగతా ఆడపిల్లలు వరండాలో గచ్చకాయలు ఆడుతుంటే ఆమె ఇంటికి పరుగెత్తేది. తల్లికి అన్నం పెట్టాలి.

తల్లి చిలుకమ్మకు జబ్బు అంటూ ఏమీ లేదు. శ్రావణ మాసంలో యాకమ్మ తమ్ముడు, ఇంకా పేరైనా పెట్టని పసివాడు, జ్వరం వచ్చి పోయాడు. ఆ తర్వాత చిలుకమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మొదట్లో రైల్వే క్వార్టర్ల లైనులోని ఆడవాళ్లంతా వచ్చి కూర్చుని ఓదార్చారు. కడుపుకోత, పోనుపోను అదే తగ్గుతుందన్నారు. తండ్రి ఎల్లస్వామి దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించాడు. దవాఖానలో బలానికి గోలీలు ఇచ్చారు. ఏదీ పని చేయలేదు. చేతిలో ముద్ద పెడితే తినేది. పెరట్లోకి పోయి వచ్చేది. మళ్లీ గోడవైపు తిరిగేది. ఏడవదు, తిట్టదు, పిలవదు. రాను రాను ఆడవాళ్ల రాకడ తగ్గింది. ఎల్లస్వామి లోకో షెడ్డులో ఇంజన్లు కడిగే ఖలాసీ. పగలు డ్యూటీ అయితే రాత్రి, రాత్రి డ్యూటీ అయితే పగలు ఇంట్లో ఉండేవాడు. ఉన్నంతసేపూ నిద్రపోయేవాడు. ఆ ఇంట్లో ముగ్గురుండేవాళ్లు కానీ పొద్దంతా ఒక్క మాట వినబడని రోజులు చాలా ఉండేవి.

జనవరి ఇరవై ఆరుకు పిల్లల చేత నాటకం వేయిస్తానని సారు చెప్పినప్పుడు తరగతి అంతా గోల గోల అయింది. నాటకం ఆయనే అల్లాడు. ఒక పిల్లగాడు బడికి పోవడానికి నిద్ర లేవడు. వాళ్లమ్మ లేపుతుంది, లేవడు. కాకులు వచ్చి ఎగురుతూ పాడతాయి, లేవడు. ఎండ వస్తుంది, కిరణాలు ముంగిట్లో చిందులేస్తాయి, అయినా లేవడు. ఆఖరికి అమ్మే మళ్లీ వచ్చి లేపుతుంది. ఆడపిల్లలందరూ కిరణాలు అవుతామన్నారు, ఎందుకంటే కిరణాలకు పసుపు కాగితం కిరీటాలుంటాయి. అల్లరి పిల్లలంతా కాకులయ్యారు. నిద్రపోయే పిల్లగాడి వేషం మొగిలయ్యకు దొరికింది. అమ్మ వేషం ఎవరికీ వద్దు.

"ముసలమ్మ లెక్క యాకమ్మ ఉంటది గద సార్, ఆమెకియ్యిన్రి," అంది ముందు వరసలోని ఒక పిల్ల. అందరూ నవ్వారు.

సారు వెనక్కి చూశాడు. "చేస్తవా?"

యాకమ్మకు కూడా కిరీటమే కావాలనిపించింది. కానీ అడిగే అలవాటు పోయింది. తల ఊపింది.

ఆ రోజునుంచి మధ్యాహ్నం ఆఖరి పిరియడ్ నాటకానికి కేటాయించారు. కిరణాలు, కాకులు ఆవరణలో వరసలు కట్టి అడుగులు నేర్చుకునేవి. ఎడమ కాలు, కుడి కాలు, చప్పట్లు, తిరగడం. ఒకరి కాలు ఒకరు తొక్కుకుని, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకునేవాళ్లు. అమ్మకు అడుగులు లేవు. యాకమ్మ వరండా మెట్టు మీద కూర్చుని తన వంతు కోసం ఎదురుచూసేది. వంతు వచ్చాక మొగిలయ్య చాప మీద పడుకుంటే పక్కన నిలబడి చెప్పేది.

"లే నాయనా. తెల్లవారింది. బడికి వేళయింది."

వాచకం చదివినట్టు, ఒక మాట తర్వాత ఒక మాట. సారు రెండు రోజులు ఊరుకున్నాడు. మూడో రోజు దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"యాకమ్మా, నేను రాసిచ్చిన మాటలు ఇడిసిపెట్టు. మీ ఇంట్ల మాట్లాడినట్టు మాట్లాడు. మీ అవ్వ పొద్దుగాల నిన్నెట్ల లేపుతది? గట్లనే అను, సాలు."

యాకమ్మ ఆయన మొహంలోకి చూసింది. వానాకాలానికి ముందు తల్లి తనను ఎలా లేపేది? లేపే ఉంటుంది. ఏ మాట అనేది, ముందు చెయ్యి వేసేదా, దూరం నుంచే కేకేసేదా, ఎంత వెతుక్కున్నా గుర్తుకు రాలేదు.

"సార్, వాళ్లవ్వే లేవదు సార్," అన్నాడు చాప మీద పడుకున్న మొగిలయ్య. వాడు ఎగతాళికి అనలేదు. ఉన్న మాట చెప్పాడు. కానీ కాకులు పకపకా నవ్వాయి.

సారు నవ్వలేదు. అంతకుమించి అడగనూ లేదు. "రేపు జూద్దాం," అని లేచాడు.

మరునాడు పొద్దున్నే యాకమ్మ బిందె పట్టుకుని నల్లా దగ్గరికి పోయింది. నల్లాకు ఎదురుగానే, బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ యోసేపు క్వార్టరు. ఆయన భార్య రూతు ముగ్గురు పిల్లల తల్లి. ఆఖరివాడికి ఆరేళ్లు, పేరు సుందర్ రావు. అంత చిన్నవాణ్ణి లైనంతా పూర్తి పేరుతోనే పిలిచేవాళ్లు. వాడు నిద్ర లేవడం ఆ ఇంట్లో రోజూ పెద్ద పని. యాకమ్మ బిందె నిండినా ఎత్తుకోకుండా నిలబడి చూసింది.

మొదట రూతు పొయ్యి దగ్గరినుంచే అంది. "సుందర్ రావూ, లేస్తానవా?" దానికి జవాబు అక్కర్లేనట్టు రొట్టె తిప్పుకుంటూనే ఉంది. కాసేపటికి గొంతు పెంచింది. "ఒరే, నీళ్లు కాగినయ్. సల్లారినంక లేస్తే నేను మళ్ల కాగబెట్ట, సూడు." ఆ తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి దుప్పటి లాగింది. వాడు ముడుచుకున్నాడు. అప్పుడు రూతు తిట్టడం ఆపి వాడి కాళ్ల దగ్గర కూర్చుంది. ఒక పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దుతూ, చాలా మెల్లగా, ఏదో రహస్యం చెబుతున్నట్టు అంది. "లే కొడుకా. పొద్దెక్కింది. మొఖం కడుక్కో, బుక్కెడు తిను. లే నా కొడుకా."

వాడు కళ్లు మూసుకునే లేచి కూర్చున్నాడు.

యాకమ్మ ఆ వారమంతా చూసింది. ఏ మాటకు గొంతు పెరుగుతుంది, ఏ మాటకు తగ్గుతుంది, మాట కంటే ముందు చెయ్యి ఎలా పోతుంది, అన్నీ చూసింది. ఒకరోజు రూతు ఆమెను గమనించి పిలిచింది. "ఏందే బిడ్డా, గట్ల నిలబడ్డవ్? లోపలికి రా, రొట్టె తిందువు."

"వద్దు చిన్నమ్మా, నీళ్లకొచ్చిన," అని యాకమ్మ బిందె ఎత్తుకుని వచ్చేసింది. లోపలికి పోతే తాను చుట్టం అయిపోతుంది. చుట్టం ముందర రూతు అలా ఉండదని ఆమెకు అనిపించింది.

బడిలో మళ్లీ తన వంతు వచ్చినప్పుడు ఆమె మొగిలయ్య కాళ్ల దగ్గర కూర్చుంది. పాదం పట్టుకోగానే వాడికి చక్కిలిగింత పుట్టి నవ్వు వచ్చింది. యాకమ్మ నవ్వలేదు. "లే కొడుకా. పొద్దెక్కింది. నీళ్లు కాగినయ్. మొఖం కడుక్కో," అంది. మొగిలయ్య నవ్వు ఆగిపోయింది. ఆవరణలో ఎగురుతున్న కాకులు కూడా ఆగి చూశాయి. సారు కంజీర చంకలో పెట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"ఎవరు నేర్పిన్రు?"

"ఉత్తగనే సార్."

"ఇగ దీన్ని ముట్టుకోకు. గిట్లనే ఉంచు," అన్నాడు ఆయన. అంతకు మించి పొగడలేదు. కానీ ఆ సాయంత్రం యాకమ్మ ఇంటికి నడుస్తూ ఆ మాటను చాలాసార్లు తనలో తాను అనుకుంది. చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరున్నారు?

అందుకే ఇంట్లో సాధన చేయడం మొదలుపెట్టింది. తండ్రి డ్యూటీకి పోయాక పక్కబట్టలు చుట్ట చుట్టి గోడకు ఆనించి, దాన్నే కొడుకనుకుని లేపేది. చిలుకమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఉండేది. ఒకరోజు యాకమ్మ వెనక్కి తిరిగి చూసేసరికి తల్లి ఇటు తిరిగి ఉంది. కళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఎప్పటినుంచి చూస్తోందో తెలియదు.

ఆ మరునాడు చూస్తే, తాను చుట్టే పక్కబట్టలు తల్లి కింద పరుచుకుని ఉన్నాయి. యాకమ్మ ఏమనుకుందో, అసలు ఏమైనా అనుకుందో లేదో, తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది. ఆ పాదాలు చల్లగా ఉన్నాయి, మడమలు పగిలి గరుకుగా తగిలాయి. ఒక పాదాన్ని చేతుల్లోకి తీసుకుని రుద్దింది.

"లే బిడ్డా. పొద్దెక్కింది. నీళ్లు కాగినయ్. మొఖం కడుక్కో."

నాటకంలో కొడుకా అనాలి. ఇక్కడ బిడ్డా అని దానంతటదే వచ్చింది.

చిలుకమ్మ ఆమెను చాలాసేపు చూసింది. తర్వాత మోచేతి మీద ఒరిగి, లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి పోయింది. నీళ్ల చప్పుడు వినబడింది. తడి మొహంతో తిరిగి వచ్చి, ఇప్పుడేం చేయాలో చెప్పమన్నట్టు గుమ్మం దగ్గర నిలబడింది.

యాకమ్మకు సంతోషం కాదు, భయం వేసింది. "కూసో బిడ్డా," అంది. చిలుకమ్మ కూర్చుంది.

ఆ తర్వాత రోజూ అదే జరిగింది. పిలిస్తే లేచేది. తల దువ్వుకో అంటే దువ్వుకునేది. ఒకరోజు చిక్కుడుకాయలు ముందు పెడితే ఈనెలు తీసింది. కానీ ఆ మాటలకే, ఆ గొంతుకే. యాకమ్మ మామూలుగా "అవ్వా" అని పిలిస్తే వినబడనట్టే ఉండేది. ఎల్లస్వామి ఒక సెలవు రోజున "చిలుకా, లేవే, నేనున్న గద," అని బతిమాలాడు. కదలలేదు. యాకమ్మ వచ్చి పాదం పట్టుకోగానే కదిలింది.

ఎల్లస్వామి ఆశ్చర్యంగా చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. "నీ మాట ఇంటాందే బిడ్డా! ఇగ నాకు ఫికర్ లేదు. నువ్వున్నవ్ గద," అన్నాడు. ఆ రోజునుంచి ఆయన నిశ్చింతగా డ్యూటీకి పోసాగాడు. యాకమ్మ ఆ మాటకు గర్వపడాలో ఏడవాలో తెలియక పొయ్యిలో బొగ్గులు సర్దింది.

సంక్రాంతి దాటాక చలి ఎక్కువైంది. ఒక ఉదయం యాకమ్మకు మెలకువ వచ్చేసరికి ఒళ్లు కాలుతోంది, గొంతు మింగుడు పడడం లేదు. తండ్రి అప్పటికే షెడ్డుకు పోయాడు. లేవాలని అనిపించలేదు. దుప్పటి తల మీదికి లాక్కుని, ఈ ఒక్కరోజు ఎవరైనా వచ్చి తన కాళ్ల దగ్గర కూర్చుంటే బాగుండుననుకుంది. కూర్చుని ఏమీ అనకపోయినా సరే. కాసేపటికి దుప్పటి సందులోంచి చూసింది. అవతలి మంచం మీద చిలుకమ్మ మేలుకునే ఉంది. ఆమె చూపు ఇటే ఉంది. ఆమె కూడా పిలుపు కోసమే ఎదురుచూస్తోంది.

అలా ఇద్దరూ చాలాసేపు పడుకునే ఉన్నారు. బయట నల్లా దగ్గర బిందెల చప్పుడు మొదలై ఆగిపోయింది. రూతు గొంతు, సుందర్ రావు ఏడుపు వినబడ్డాయి. యాకమ్మ ఆ గొంతును ఆఖరిదాకా విని, లేచి పోయి తల్లి పాదం పట్టుకుంది. ఆ రోజు ఆ పాదాలు ఆమె చేతుల కంటే ఎంతో చల్లగా అనిపించాయి.

ఇరవై ఆరో తేదీన జెండా వందనం అయ్యాక బడి వరండానే వేదిక చేశారు. ఆవరణలో జంపఖానాలు పరిచారు. ఎల్లస్వామికి డ్యూటీ పడింది. యాకమ్మ తల్లిని రూతుకు అప్పగించింది. "చిన్నమ్మా, జర పక్కనే కూసోబెట్టుకో," అంది. తల్లి చీరే మడతలు పెట్టి కట్టుకుని, కొంగు నడుమున చెక్కుకుని తెర వెనక నిలబడింది. తెర సందులోంచి చూస్తే చిలుకమ్మ జంపఖానా చివర, వచ్చిన జనం వైపు కాక నేల వైపు చూస్తూ కూర్చుని ఉంది. నెలల తర్వాత ఆమె గడప దాటింది.

తెర లేచింది. మొగిలయ్య చాప మీద గురక పెట్టాడు. జనం నవ్వారు. యాకమ్మ వంటింట్లోంచి వచ్చినట్టు వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని, గొంతు పెంచి తిట్టింది. జనంలోంచి ఎవరో "మన రూతమ్మే!" అన్నారు. రూతు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. యాకమ్మ మొగిలయ్య కాళ్ల దగ్గర కూర్చుని పాదం పట్టుకుంది.

"లే కొడుకా. పొద్దెక్కింది. నీళ్లు కాగినయ్. మొఖం కడుక్కో."

"జరసేపు ఆగవే అవ్వా," అన్నాడు మొగిలయ్య.

జంపఖానా చివర చిలుకమ్మ లేచి నిలబడింది.

వెనకవాళ్లు "కూసో, కూసో," అన్నారు. ఆమె కూర్చోలేదు. నీళ్లెక్కడున్నాయో వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూసింది. రూతు చెయ్యి పట్టుకుని లాగింది, కదలలేదు. ముందున్న పిల్లలు వెనక్కి తిరిగి చూసి నవ్వడం మొదలుపెట్టారు. వరండా పక్కన కంజీరతో కూర్చున్న సారు కూడా తలెత్తి చూశాడు.

ఇక్కడ యాకమ్మ లేచి లోపలికి పోవాలి, కాకులు రావాలి. కాకులు తెర పక్కన నల్ల గుడ్డలు కప్పుకుని సిద్ధంగా ఉన్నాయి. ఆమె మొగిలయ్య పాదం వదలకుండానే, వాడి వైపు చూడకుండా, జనం తలల మీదుగా చూస్తూ అంది.

"సరే బిడ్డా. ఇంక జరసేపు కూసో. కూసో బిడ్డా, నేను మళ్ల పిలుస్త."

చిలుకమ్మ కూర్చుంది.

పడుకున్న పిల్లగాణ్ణి కూర్చోమనడం కూడా తమాషా అనుకుని జనం నవ్వారు. కాకులు వచ్చాయి, ఎగిరాయి, పాడాయి. కిరణాలు వచ్చాయి. పసుపు కిరీటాలు ఎండలో మెరిశాయి, ఎవరిదో ఒకటి జారి కింద పడింది. యాకమ్మ తెర వెనక నిలబడి తల్లినే చూస్తోంది. ఆఖరి ఘట్టంలో తాను మళ్లీ ఆ మాటలే అనాలి. ఆ మాటల తర్వాతే సారు కంజీర మోగిస్తాడు, అందరూ పాట అందుకుంటారు. మళ్లీ అంటే అవ్వ మళ్లీ లేస్తుంది. అందరూ మళ్లీ నవ్వుతారు.

ఆమె వరండా మీదికి వచ్చింది. ఏమీ అనలేదు. దుప్పటి తీసి మడిచింది. మొగిలయ్య భుజాల కింద చేతులు వేసి లేపి కూర్చోబెట్టింది. కొంగు తడి చేసుకున్నట్టు అభినయించి వాడి మొహం తుడిచింది. వాడు తనను లేపే మాట కోసం ఆమె నోటి వైపు చూస్తున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. సారు ఒక్క క్షణం ఆగి, మాట రాదని తెలుసుకుని, తానే కంజీర మోగించాడు. పాట మొదలైంది. చప్పట్లు కొట్టినవాళ్లలో ఆమె ఆ రోజు ఏం వదిలేసిందో తెలిసినవాళ్లు ఎవరూ లేరు, ఆ సారు తప్ప.

ఆ సాయంత్రం సారంగపాణి సారు ఎల్లస్వామి డ్యూటీ దిగే వేళకు క్వార్టరుకు వచ్చాడు. నులక మంచం వాల్చి కూర్చోబెట్టారు. ఆయన చాయ ముట్టుకోకుండానే మొదలుపెట్టాడు.

"ఎల్లస్వామీ, నీ బిడ్డ చేసేది చిన్న పిల్ల చేసే పని గాదు. ఆమెకు తల్లి కావాలె గాని ఆమే తల్లి అయితే ఎట్ల?"

"మంచిగైతాంది గద సార్. పిలిస్తే లేస్తాంది."

"పిలిచే పిల్ల పండుకుంటే?"

ఎల్లస్వామి తల వంచుకున్నాడు. షెడ్డు మసి పట్టిన చేతులను ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. "నాకేం తెల్వదు సార్. బిడ్డ చేస్తాంటే నేను నిద్రవోయిన," అన్నాడు.

మనసుకు వచ్చే జబ్బులకు కూడా డాక్టర్లుంటారని, వరంగల్‌లో తనకు తెలిసిన ఒకాయన ఉన్నాడని సారు చెప్పాడు. వారం తిరగకుండా చిలుకమ్మ అన్న కట్టయ్య నర్సంపేట దగ్గరి ఊరినుంచి వచ్చాడు. చెల్లెల్ని డాక్టరుకు చూపించి, మందులు తీసుకుని, కొన్నాళ్లు తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు. అక్కడ వదిన ఉంది, ఇద్దరు కోడళ్లున్నారు, ఎవరో ఒకరు పక్కన ఉంటారు. బడి ఉంది కాబట్టి యాకమ్మ తండ్రి దగ్గరే ఉండాలని నిర్ణయించారు. ఆమెనెవరూ అడగలేదు.

బస్టాండులో నర్సంపేట బస్సు కదలబోతుండగా చిలుకమ్మ కిటికీలోంచి యాకమ్మ చెయ్యి పట్టుకుంది. నోరు తెరిచి మాట్లాడింది. చాలా రోజుల తర్వాత ఆమె గొంతు యాకమ్మ వినడం అదే మొదటిసారి. గొంతు బొంగురుగా, ఎవరిదో కొత్త మనిషిదిలా ఉంది.

"పొద్దుగాల నన్నెవరు లేపుతరు?"

"మామ లేపుతడు," అంది యాకమ్మ.

"మామకు ఎట్ల తెలుస్తది?"

యాకమ్మ జవాబు చెప్పేలోపే బస్సు కదిలింది.

తర్వాతి నెలల్లో ఆ క్వార్టరులో యాకమ్మ లేవగానే చేయడానికి పనే ఉండేది కాదు. బువ్వ వండడానికి ఎల్లస్వామి తానే కూర్చునేవాడు, డ్యూటీ మార్పించుకుని పొద్దున ఇంట్లో ఉండడం మొదలుపెట్టాడు. వండుతూ కూతురితో ఏదైనా మాట్లాడాలని చూసేవాడు. షెడ్డులో ఏ ఇంజను వచ్చింది, ఏది పోయింది చెప్పేవాడు. ఆమె ఊఁ కొట్టేది. అయినా కళ్లు తెరవగానే ఆమె చూపు అవతలి మంచం మీదికే పోయేది. పిలవడానికి అక్కడ ఎవరూ లేరు. ఇన్నాళ్లూ బరువనుకున్నది దిగిపోయాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎండాకాలం సెలవుల్లో ఒకసారి తండ్రి ఆమెను ఆ ఊరికి తీసుకుపోయాడు. చిలుకమ్మ అందరితోపాటు చింతపండు కొడుతోంది. యాకమ్మను చూసి నవ్వింది, పక్కన చోటిచ్చింది. కానీ ఇద్దరికీ మాట సాగలేదు.

వానలు మొదలయ్యాక చిలుకమ్మ తిరిగి వచ్చింది. వచ్చిన మరునాడు యాకమ్మ లేచేసరికి అవతలి మంచం ఖాళీగా ఉంది. పెరట్లో ఊడుస్తున్న చప్పుడు వినబడింది. ఆమె లేచి పోయి తలుపు దగ్గర నిలబడింది. చిలుకమ్మ చీపురు ఆపి చూసింది. ఇద్దరూ కొత్తగా చుట్టరికం కలిసినవాళ్లలా ఒకరినొకరు చూసుకున్నారు.

"లేస్తివా?" అంది చిలుకమ్మ.

"లేసిన."

అంతే. కానీ ఆ తర్వాత ఏ రోజూ ఎవరినీ ఎవరూ లేపలేదు.

ఆ ఏడు ఐదో తరగతికి కూడా సారంగపాణి సారే ఉన్నాడు. మళ్లీ నాటకం అన్నాడు. ఈసారి అందులో ఒక రాణి, ఒక ముసలి అవ్వ. ఏది కావాలో చెప్పమని యాకమ్మనే ముందు అడిగాడు. ఆమె లేచి నిలబడింది. ఈసారి గొంతు బయటికి వచ్చింది.

"నాకు మాటలొద్దు సార్. నేను గుంపుల ఆడుత."

సారు ఎందుకని అడగలేదు. నాట్యం చేసే పిల్లల వరసలో చివరి నుంచి మూడో చోటు చూపించాడు. యాకమ్మకు అడుగులు తొందరగా రాలేదు. అందరూ కుడికి తిరిగితే ఆమె ఎడమకు తిరిగేది. పక్కనున్న పద్మ అనే పిల్ల విసుక్కుంటూ చెయ్యి పట్టి ఇటు లాగేది. అలా లాగించుకోవడం యాకమ్మకు బాగుండేది.

ఒక సాయంత్రం చిలుకమ్మ బియ్యం ఏరుతూ అడిగింది. "ఈయేడు ఏం వేషమే?"

"వేషం లేదవ్వా. ఉత్త ఆటనే."

"ఏదీ, జర చూపెట్టు."

యాకమ్మ సిగ్గుపడింది. తర్వాత గది మధ్యకు వచ్చి, చేతులు రెండు పక్కలకు చాచి, నోటితో దరువు అనుకుంటూ అడుగులు వేసింది. కుడికి రెండు, ఎడమకు రెండు, చప్పట్లు, ఒక చుట్టు. గోడకు తగలకుండా జాగ్రత్తపడుతూ తిరిగింది. చాచిన చేతులను పట్టుకునేవాళ్లు లేక అడుగు కొంచెం తడబడింది.

చిలుకమ్మ చేట ఒళ్లో పెట్టుకుని చూసింది. "ఇట్ల ఒక్కదానివే తిరుగుతవా?"

"కాదవ్వా. ఇటు పక్క పద్మ ఉంటది. అటు పక్క ఇంకో పిల్ల. ఎనుక కూడ ఉంటరు."

చిలుకమ్మ కూతురికి ఇటు పక్క చూసింది, అటు పక్క చూసింది, వెనక గోడ వైపు కూడా చూసింది.

"మళ్లొక్కసారి ఆడు," అంది.